తప్పు తెలియని కావలి

ఫ్యాను ఆగింది. మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషన్ ఒక్క క్షణం గుక్కపట్టినట్టు నిలిచిపోయి, కీచుమని అరిచి, బ్యాటరీ మీద మళ్ళీ మొదలైంది.

"పోయిందా?" అంది తిరుపతమ్మ, ముక్కు కిందున్న గొట్టం సర్దుకుంటూ. "పొద్దున వచ్చిన కరెంటు అన్నం ఉడికిందాకా కూడా ఉండలా. ఏందమ్మాయ్, నీ కావలి మరీ పిరికిదైపోతా ఉండాది."

హైమవతి అన్నం కలుపుతున్న చెయ్యి అలాగే ఉంచి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురింటి మునగచెట్టు కొమ్మలు ఊగుతున్నాయి. ఊగుతున్నాయంతే. మునగకొమ్మ ఎంత పెళుసో చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఆ కొమ్మైనా విరగని గాలికి ఊరు మొత్తానికీ కరెంటు తీసేసింది కావలి.

ఆమె కంచం పక్కన పెట్టి చెయ్యి కడుక్కుంది.

"తినిపో."

"ఇప్పుడే వస్తానత్తా. బ్యాటరీ తగ్గితే కొత్త సిలిండర్ తగిలించమని ఆయనకు చెప్పు."

"కొత్తది యాడుంది? అది తేవడానికే గదా వాడు పోయింది," అంది తిరుపతమ్మ. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చి కళ్ళు మూసుకుంది.

నల్లమల అంచున ఉన్న కనుమలపాలెంలో కరెంటు లైన్లను కాసే యంత్రం కావలి గురించి తెలియనివాళ్ళు లేరు. దాన్ని తయారుచేసింది హైమవతి అని తెలియనివాళ్ళూ లేరు. అంతకుముందు కూడా పెనుగాలి వీచే ఎండాకాలపు రోజుల్లో అడవి మీదుగా పోయే లైన్లకు కరెంటు ఆపాలనే నియమం ఉండేది. తీగ తెగి ఎండుగడ్డి మీద పడితే అడవి అంటుకుంటుంది. కానీ నియమం కాగితం మీద ఉండేది, ఫోను మనిషి చేతిలో ఉండేది. ఒక ఏడాది అలాంటి గాలిరోజునే పొద్దున ఆపిన కరెంటును, ఎవరో పెద్దమనిషి ఇంట్లో పెళ్ళి ఉందని ఫోను వస్తే మధ్యాహ్నానికి మళ్ళీ ఇచ్చారు. పులికనుమ దగ్గర తీగ తెగింది. మంట బోదగడ్డి మీద పరుగెత్తి ఈదులగూడెంలో సగం ఇళ్ళను తినేసింది. జ్వరంతో పడుకుని ఉన్న బయ్యమ్మ అనే చెంచు స్త్రీ గుడిసెలోంచి బయటికి రాలేకపోయింది.

విద్యుత్ సంస్థ పరిశోధన విభాగంలో ఇంజనీరైన హైమవతి మర్నాడు అక్కడికి వెళ్ళింది. బయ్యమ్మ భర్త గురవయ్య, కొండకొమ్ముల మీంచి తాడు కట్టుకుని దిగి తేనె తీసే మనిషి, బూడిదలో కూర్చుని ఉన్నాడు. ఆమె అతని ముందు నిలబడి ఒకే మాట చెప్పింది. "ఇకమీదట ఎవరు ఫోను చేసినా లొంగని కాపలా పెడతాను."

పెట్టింది.

*

సబ్‌స్టేషన్ వెనకున్న పాత పెంకుటింట్లో హైమవతి లాబరేటరీ ఉంది. ఆమె లోపలికి వచ్చేసరికి ఖాజా మొహిద్దీన్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని తెర ముందు వంగి ఉన్నాడు. కావలి ఆలోచించే పద్ధతినంతా రాసింది అతనే. హెడ్‌ఫోన్ తీసి ఆమెకిచ్చాడు.

"పులికనుమ వినండి మేడం."

ఆమె విన్నది. ప్రతి కరెంటు తీగ చుట్టూ వెంట్రుకంత గాజుపోగు ఒకటి చుట్టి ఉంటుంది. తీగ వణికితే ఆ పోగు వింటుంది. స్తంభాల మీద ఉన్న చిన్న పెట్టెలు కింద గడ్డి ఎంత ఎండిందో వాసన చూస్తాయి. ఆ రెండూ కలిపి, ఏ తీగ ఎక్కడ తెగబోతోందో, ఎక్కడ కొమ్మకు తగలబోతోందో కావలి ముందే పసిగట్టి కరెంటు ఆపేస్తుంది. ఇన్నాళ్ళుగా వింటున్న హైమవతికి తీగ బాధ తెలుసు. తెగబోయే తీగ మూలుగుతుంది. ఇప్పుడు పులికనుమ తీగ మూలగడం లేదు. నిద్రలో మనిషిలా సన్నగా గురక పెడుతోంది.

"ఇది బాగానే ఉంది కదా. ఎందుకు తీసేసింది?"

"అదే చూపిద్దామనుకుంటున్నా." ఖాజా తెర మీద గీతలు జరిపాడు. "మొదటి ఏడాది చెట్లు పెళపెళలాడితేగానీ ఇది కరెంటు తీసేది కాదు. ఇప్పుడు తువ్వాలు ఎగిరితే తీసేస్తోంది. రెండేళ్ళుగా ప్రతిసారీ కొంచెం కొంచెం ముందుకు జరిగింది. మనం గమనించలేదు."

"ఎక్కడైనా చెడిందా?"

"చెడలేదు. ఒక్కసారి కూడా తప్పు చెయ్యలేదు. చిక్కంతా అదే." ఖాజా కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. అతనికి కూర్చుని మాట్లాడడం చేతకాదు. "కరెంటు తీస్తుంది, మంట రాదు. రాలేదు కాబట్టి తీయడం మంచిదైందని నేర్చుకుంటుంది. తీయకపోయినా వచ్చేది కాదేమో! ఆ మాట దానికి చెప్పేదెవరు? మనకే తెలీదే!"

హైమవతి హెడ్‌ఫోన్ కింద పెట్టింది. రోజూ బిడ్డకు దిష్టి తీసే తల్లి గుర్తొచ్చింది. జ్వరం రాకపోతే దిష్టి తీసినందుకే అనుకుంటుంది. మర్నాడు రెండుసార్లు తీస్తుంది.

"సరిచెయ్యి."

ఖాజా ఆమె ముఖం వైపు చూశాడు. "గాలి ఉన్నంతసేపూ దాని మనసు మార్చడానికి దారి లేదు మేడం. మీరే మూయించారు."

అవును, ఆమే మూయించింది. మంత్రి వచ్చినా, కలెక్టరు వచ్చినా, చివరికి తనే వచ్చినా గాలిలో తెరుచుకోని తలుపు కావాలని పట్టుబట్టింది. సంస్థలో పెద్దవాళ్ళు ఒక తాళంచెవి ఉంచమన్నారు. చెవి ఉంటే అడిగేవాడుంటాడని ఆమె ఒప్పుకోలేదు. ఈ గాలి ఏ క్షణాన తగ్గినా మళ్ళీ లేస్తోంది. కావలి దృష్టిలో గాలి ఆగింది లేదు. ఎప్పుడాగుతుందో చెప్పగలిగినవాళ్ళూ లేరు.

ఆమె బయటికి వచ్చి గుమ్మంలో నిలబడింది. దుమ్ము కళ్ళల్లో పడింది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చింది.

*

హైమవతి భర్త సుదర్శనం బజారులో మందులషాపు నడుపుతాడు. ఆక్సిజన్ సిలిండర్ కోసం పొద్దున బయల్దేరినవాడు ఎండ తిరిగాక ఇంటికి వచ్చాడు. వ్యానులోంచి ఒక్కటంటే ఒక్క సిలిండర్ దించాడు. అతని చొక్కా వీపున అతుక్కుపోయి ఉంది.

"ఇదే దొరికింది. ఆక్సిజన్ నింపే ప్లాంటుకు కూడా ఇదే లైను. అక్కడా కరెంటు లేదు. ఖాళీ సిలిండర్లు వీధి దాకా పేర్చి ఉన్నాయి."

"ఆస్పత్రిలో?"

"జనరేటర్ ఉంది. మంచాలు లేవు. వరండాలో కూడా పడుకోబెట్టారు. ఒంగోలు తీసుకెళ్ళమంటున్నారు. ఘాట్ రోడ్డులో చెట్లు పడ్డాయిట. చుట్టూ తిరిగి పోయేసరికి ఈ సిలిండర్ అయిపోతుంది." అతను గొంతు తగ్గించాడు. "ఇంటి మీద సోలార్ పలకలు ఉంటే ఎలాగోలా లాగేవాళ్ళం. గాలికి అవీ పోయాయి. హైమా, నువ్వు ఏదో ఒకటి చెయ్యాలి."

"నా చేతిలో లేదు."

"నీ చేతిలో లేకుండా చేసుకున్నావు."

లోపలినుంచి తిరుపతమ్మ పిలిచింది. ఇద్దరూ వెళ్ళారు. ముప్పై ఏళ్ళు కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఊదిన పొగ ఆమె ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. ఇప్పుడు దిండ్లకు ఆనుకుని, భుజాలతో గాలి లాగుతోంది.

"నేను చెవిటిదాన్ని కాదురా," అంది కొడుకుతో. తర్వాత కోడలి వైపు తిరిగింది. "ముసలోళ్ళకు చావంటే భయం పోద్దంటారే, అది అబద్ధం. నాకు బతకాలని ఉండాది. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు."

"నిన్ను పోనివ్వను అత్తా."

"పోయిన గాలికి సోడాకొట్టు రత్తమ్మ పోయింది గదా. ఆమెకూ నా మాదిరి మిషనే. ఆ రోజు నువ్వు ఏమన్నావో గుర్తుందా?"

హైమవతికి గుర్తుంది. రత్తమ్మకు ఊపిరితిత్తులు ఎలాగూ పూర్తిగా పాడైపోయాయి కదా అంది. ఈ మంచం పక్కనే నిలబడి అంది.

"నాకూ పాడైనాయి," అంది తిరుపతమ్మ. కోపంగా అనలేదు. కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అంది.

హైమవతి కొంగు నడుముకు దోపుకుని బయటికి నడిచింది. సుదర్శనం వెంటపడ్డాడు.

"ఎక్కడికి?"

"గూడేనికి. మీరు బజారుకు పోయి మనుషుల్ని పోగుచెయ్యండి. ఆటోవాళ్ళు, లైన్‌మెన్లు, ఎవరొస్తే వాళ్ళు. గోనెసంచులు, నీళ్ళ డ్రమ్ములు, పచ్చి వేపమండలు. లైను పొడుగునా స్తంభానికొకరు నిలబడాలి."

"ఎందుకు?"

"కావలి చూడలేనిది మనుషులు చూడాలి. కరెంటు ఇద్దాం. నిప్పు పడితే పడ్డచోటే ఆర్పుదాం."

*

గురవయ్య గుడిసె ముందు పలుపుతాడు పేనుతున్నాడు. హైమవతి జీపు దిగి అతనికి ఎదురుగా నేల మీద కూర్చుంది. చెప్పాల్సింది చెప్పింది. అతను పేనడం ఆపలేదు.

"కరెంటు ఇయ్యాలంటావు," అన్నాడు చివరికి. "గాలిలో. పులికనుమ మీంద."

"అవును."

"ఎవురు ఫోను చేసినా రాదని నువ్వేగా చెప్పినావు. ఇదిగో, ఈ జాగాలోనే నిలబడి చెప్పినావు."

"చెప్పాను."

"ఇప్పుడు నీకు ఎవురు చేసినారమ్మా ఫోను?"

"ఎవరూ చెయ్యలేదు," అంది హైమవతి. "మా అత్త."

గురవయ్య చేతులు ఆగాయి. గుడిసెల్లోంచి ఒకరిద్దరు తొంగిచూశారు. గాలికి ఒక కోడి ఈకలు రేగి, అడ్డంగా పరుగెత్తింది.

"ఊళ్ళో ఇంకా ఉన్నారు మిషన్ల మీద బతికేవాళ్ళు. కానీ నేను అబద్ధం చెప్పను. నన్ను ఇక్కడి దాకా నడిపించింది మా అత్తే. మీరు వద్దంటే వెనక్కి పోతాను."

"వద్దంటే ఆమె చచ్చిపోద్ది. సరేనంటే మా గూడెం కాలిపోద్ది." అతని గొంతు పెరిగింది. "రెండు పాపాలూ తెచ్చి నా ముందర పెడతావా? ఏది గావాలో ఏరుకోమని? ఈ రెండేండ్లు మేము అడిగినామా? మీ కావలి కరెంటు తీసినప్పుడల్లా బోరు ఆడదు. ఆడోళ్ళు వాగు కాడికి పోయి నీళ్ళు మోసినారు. నోరెత్తలా. ఎందుకంటే మంట రాలా."

"తెలుసు."

"నీకు తెల్వదు."

ఆమె తలవంచుకుంది. తనకు తెలియదని ఒప్పుకుంది. కావలికి కూడా తెలియదనీ, అది తీసిన కరెంటులో ఎంత అవసరమో ఎంత వృథానో ఎవరికీ తెలియదనీ చెప్పింది. గురవయ్య వినలేదు. తాడు పక్కన పడేసి గుడిసెలోకి వెళ్ళిపోయాడు.

ఆమె లేచి జీపు దాకా నడిచింది. వెనక్కి తిరిగిపోతానని ఒక నిమిషం కిందటే అంది. ఆ మాట మీద నిలబడగలదో లేదో ఆమెకే తెలియలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి అలాగే కూర్చుంది. ఇంజను మాత్రం వెయ్యలేదు.

కాసేపటికి గురవయ్య బయటికి వచ్చాడు. తలకు తడిగుడ్డ చుట్టుకుని ఉన్నాడు. భుజాన గొడ్డలి. అతని వెనక మరికొందరు మగవాళ్ళు, ఆడవాళ్ళు.

"పులికనుమలో ఎవురు నిలబడతారు?" అని అడిగాడు.

"నేను."

"నువ్వు తగినదానివి కాదు. నేను నిలబడతా. నువ్వు నా పక్కన ఉండు."

*

ఖాజా సబ్‌స్టేషన్ గేటు దగ్గర ఎదురొచ్చాడు. "మేడం, ఉద్యోగం పోతుంది."

"పోనీ."

"నాది కూడా పోతుందనే చెబుతున్నా," అన్నాడు. అలా అంటూనే గేటు బారుగా తెరిచాడు.

కావలి స్విచ్‌ను తప్పించి, దానికి అటూ ఇటూ ఉన్న రెండు కొసల్నీ తీగతో కలిపారు లైన్‌మెన్లు. మళ్ళీ ఆపాల్సివస్తే పాత చేతి స్విచ్ ఒక్కటే దిక్కు. దాని దగ్గర ఖాజా నిలబడ్డాడు. అటవీశాఖ వాళ్ళ వాకీటాకీ ఒకటి అతని దగ్గర, ఇంకొకటి హైమవతి దగ్గర. పై అధికారి నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. ఆమె తియ్యలేదు. తీస్తే ఆగాల్సి వస్తుందని తెలుసు.

సుదర్శనం పిలిచినందుకు ఊళ్ళోంచి చాలామందే వచ్చారు. కొందరు సానుభూతితో, కొందరు తమ ఇంట్లోవాళ్ళ కోసం, ఇంకొందరు కావలి మీద కోపంతో. రత్తమ్మ కొడుకు కూడా గోనెసంచి భుజాన వేసుకుని వచ్చాడు. హైమవతిని చూసి ముఖం పక్కకు తిప్పుకుని, తనకు చూపించిన స్తంభం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇవ్వు," అంది హైమవతి వాకీటాకీలో.

పులికనుమలో రెండు కొండల మధ్య లైను సన్నటి వంతెనలా వేలాడుతోంది. కరెంటు రాగానే తీగల్లోంచి జుమ్మనే శబ్దం కిందికి దిగింది. గురవయ్య పైకి చూస్తూనే ఉన్నాడు. ఆమె కూడా చూసింది. మెడ నొప్పి పుట్టి దించుకుంటే, ఆ క్షణంలోనే ఏదో జరిగినట్టనిపించి మళ్ళీ ఎత్తింది.

ఊళ్ళో ఆ వేళ ఏం జరుగుతోందో ఆమెకు తెలుసు. ఆక్సిజన్ ప్లాంటులో మోటార్లు తిరుగుతున్నాయి. సిలిండర్లు ఒక్కొక్కటే నిండుతున్నాయి. అత్త మిషన్ బ్యాటరీకి ఛార్జి ఎక్కుతోంది. ఆ మంచిని తల్చుకుని గుండె కుదుటపరుచుకుందామని చూసింది. కుదరలేదు. గాలి ఊరికే ఉన్నట్టుండి ఒక్క విసురు విసిరేది. బోదగడ్డి నేలకు వంగి మళ్ళీ లేచేది. ప్రతి విసురుకూ ఆమె తడిసంచి గట్టిగా పట్టుకునేది.

"ఈ గాలికి తెగదు," అన్నాడు గురవయ్య ఉన్నట్టుండి. "ఇది వట్టి గాలి."

"మరి?"

"మరేం లేదు. నీ మిషను దీనికే భయపడిందా అని."

ఎండ కొండ వెనక్కి వాలుతుండగా గాలి తిరిగింది. పడమటి నుంచి వీస్తున్నది కాస్తా లోయ నోటిలోంచి తోసుకొచ్చింది. చెట్లు ఒక్కసారిగా అరిచాయి. తీగల శబ్దం మారింది. హెడ్‌ఫోన్ లేకుండానే హైమవతికి ఆ మూలుగు వినిపించింది.

"ఖాజా, ఆపు! ఆపు!"

ఆమె మాట పూర్తయ్యేలోపే రెండు తీగలు ఒకదాన్నొకటి కొట్టుకున్నాయి. ఫట్‌మంటూ తెల్లటి వెలుగు. కరిగిన లోహపు చుక్కలు గడ్డిలోకి రాలాయి. కరెంటు ఆగింది. గడ్డి ఆగలేదు.

ముందు అరచేతంత మంట. గురవయ్య తడిసంచితో కొట్టాడు. అది ఆరింది. అవతల ఇంకొకటి లేచింది. గాలి దాన్ని ఎత్తి విసిరేస్తే మూడోచోట అంటుకుంది. హైమవతి సంచితో బాదుతూనే ఉంది. పొగ గొంతులో దిగి దగ్గు ఆగలేదు. పక్క స్తంభాల దగ్గరివాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నీళ్ళు చిమ్మారు. వేపమండలతో కొట్టారు. మంట వాళ్ళ కాళ్ళ మధ్యనుంచి జారి పల్లానికి పాకింది. పల్లంలో వెదురుపొద ఉంది. వెదురుపొద అవతల గూడెం.

"పొదకు అంటుకుంటే మన చేతిలో ఉండదు," అని అరిచాడు గురవయ్య. గొడ్డలితో పొద ముందున్న ఎండుతుప్పల్ని నరుక్కుంటూ మంటకెదురు వెళ్ళాడు. హైమవతి వెనక్కి రమ్మని పిలిచింది. అతను వెనక్కి చూడలేదు. ఒక వెదురు తుపాకీ పేలినట్టు పేలింది. నిప్పులు ఎగిరి అతని చొక్కా కుడిచేతి మీద పడ్డాయి. అయినా అతను నరుకుతూనే ఉన్నాడు. రత్తమ్మ కొడుకు వెళ్ళి అతన్ని నడుం పట్టుకుని లాగి, తడిసంచి చేతికి చుట్టేసరికి చొక్కా చర్మంలో కలిసిపోయింది.

మంట నరికిన చోటికి వచ్చి, తినడానికేమీ లేక, రాళ్ళ మీద నాలుక ఆడించి చచ్చిపోయింది.

అందరి ముఖాలూ నల్లగా ఉన్నాయి. గాలి మాత్రం ఏమీ ఎరగనట్టు వీస్తూనే ఉంది.

*

తిరుపతమ్మ బతికింది. నిండిన సిలిండర్లు గాలి తగ్గేదాకా ఊరికి సరిపోయాయి. గురవయ్య కూడా బతికాడు. ఆస్పత్రినుంచి ఇంటికి వచ్చేసరికి అతని కుడిచెయ్యి మోచేతి దగ్గర వంగి బిగుసుకుపోయి ఉంది. వేళ్ళు మూసుకోవు. ఆ చేతితో తాడు పట్టుకుని కొండకొమ్ము దిగడం ఇక కాదని డాక్టర్లు చెప్పారు. వాళ్ళు చెప్పకముందే అతనికి తెలుసు.

విచారణ జరిగింది. నియమం తప్పినందుకు హైమవతిని విధుల్లోంచి తప్పించారు. కొన్నాళ్ళకు కావలిని సరిచెయ్యడానికి ఇంకెవరికీ చేతకాక ఆమెనే పిలిచారు. ఖాజా ఉద్యోగం మాత్రం పోలేదు. స్విచ్ సమయానికి లాగినందుకు మెచ్చుకున్నారు కూడా. ఆ మెప్పు తలచుకున్నప్పుడల్లా అతను సిగ్గుపడేవాడు.

ఆ రోజు గాజుపోగులు విన్నదంతా వాళ్ళిద్దరూ కూర్చుని మళ్ళీ విన్నారు. ఊరి దాకా ఉన్న లైనంతా ప్రమాదమేనని కావలి అనుకుంది. స్తంభం స్తంభం దగ్గరా మనుషులు నిలబడి చూశారు. దాదాపు అన్నిచోట్లా ఏమీ కాలేదు. పులికనుమలో అయింది. కావలి లోయగాలిని ముందే విన్నదో, ఊరికే భయపడితే అది నిజమైందో ఎంత వెతికినా తేలలేదు. కానీ పుట్టిన తర్వాత మొదటిసారి, నువ్విక్కడ ఒప్పు, అక్కడ తప్పు అని దానికి చెప్పగలిగారు.

హైమవతి తను మూసిన తలుపు తెరవలేదు. ఫోనుకు లొంగే రోజులు మళ్ళీ రాకూడదు. దాని బదులు కావలికి సందేహపడడం నేర్పింది. ఖాయంగా తెగబోయే తీగకు కరెంటు ఆపాలి. ఖాయంగా తెలియనప్పుడు లైనంతా ఆపకుండా, ఆ ముక్క దగ్గర మనిషి ఉన్నాడా అని అడగాలి. ఉంటే, చూసి జవాబు చెబితే, ఆ జవాబునుంచి నేర్చుకోవాలి. లేకపోతే కరెంటు ఆపెయ్యాలి. అలా నిలబడేందుకు ఊళ్ళోంచీ గూడెంలోంచీ మనుషుల్ని నియమించారు. రత్తమ్మ కొడుకును కూడా అడిగారు. అతను పని ఒప్పుకున్నాడుగానీ, హైమవతితో ఇప్పటికీ మాట్లాడడు.

గురవయ్యను చూడాలని తిరుపతమ్మ పట్టుబట్టింది. సుదర్శనం చిన్న సిలిండర్ కట్టి, ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. హైమవతి వెనక జీపులో వచ్చింది. గుడిసె ముందు మంచం వాల్చారు. తిరుపతమ్మ కూర్చుని, ఆయాసం తగ్గేదాకా ఆగి, అతని చేతిని దగ్గరికి తీసుకుని చూసింది. ముడతలు పడ్డ చర్మం మీద వేళ్ళతో నిమిరింది.

"నొప్పి ఉండాదా నాయనా?"

"గాలి ఎక్కువైతే లాగతాది."

"నాకోసమే గదా."

"నీకోసరం కాదులేమ్మా. మా గూడెం కోసరం పోయినా మంటలోకి." కాసేపాగి మళ్ళీ అన్నాడు. "ఆ మంట మాత్రం నీకోసరమే వచ్చింది."

తిరుపతమ్మ తల ఊపింది. కాదనలేదు. "నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకో. నేను మాత్రం బతికినందుకు ఏడవను."

గురవయ్య ఆమె ముక్కు కిందున్న గొట్టాన్ని, ఒళ్ళో పెట్టుకున్న సిలిండర్‌ను చూశాడు. చాలాకాలం తర్వాత అతని మూతి మీద నవ్వులాంటిది కదిలింది.

"ఏడవబాకు. నీ ఊపిరి నీకు గావాల. నా చెయ్యి నాకు గావాల. రెండూ యాడ కుదురుతాయో నీ కోడల్ని వెతకమను. సదువుకుంది గదా."

హైమవతి జీపుకు ఆనుకుని నిలబడి విన్నది. గుడిసె కప్పు మీది బోద అప్పుడే కదలసాగింది. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే నడుముకు దోపుకున్న వాకీటాకీ మీదికి పోయింది. అదే క్షణంలో అది గరగరలాడింది.

"మేడం," అంది ఖాజా గొంతు. ఆ గొంతులో ఏదో కొత్తగా ఉంది. "కావలి కరెంటు తియ్యలేదు. అడుగుతోంది."

"ఏమని?"

"పులికనుమలో మనిషి ఉన్నాడా అని."

గూడెంలో అందరి తలలూ కొండ వైపు తిరిగాయి. ఆ ముక్క దగ్గర నిలబడాల్సిన మనిషి నీళ్ళ కోసం వాగుకు పోయి ఉన్నాడు. ఎవరో అతని కోసం కేకేశారు. గాలి ఇంకో విసురు విసిరింది.

గురవయ్య లేచాడు. ఎడమచేత్తో తువ్వాలు తలకు చుట్టుకోబోతే అది జారిపోయింది. తిరుపతమ్మ అతన్ని వంగమని, తనే చుట్టి ముడివేసింది. అతను తడిసంచి ఎడమభుజం మీద వేసుకుని కనుమ దారి పట్టాడు. హైమవతి చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అతని వెనక పరుగెత్తింది.

పరుగెత్తుతూనే వాకీటాకీ నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"వస్తున్నారని చెప్పు," అంది. "ఇద్దరు."